పొగ మానిన బాకా

ఆదివారం మధ్యాహ్నాలు చక్రాల బూట్లు తొడుక్కుని జనం గిరగిరా తిరిగే స్కేటింగ్ హాల్లో పాటలు వాయించే బ్యాండులో నలుగురే. క్లారినెట్ మాస్టారు, సాక్సఫోన్ బాబాయి, డ్రమ్ములు వాయించే బావ, ట్రంపెట్ ఊదే అతను. ఆ ట్రంపెట్ పుణ్యాన అతనికి బాకా అనే పేరు స్థిరపడిపోయింది. బావంటే అతని సొంత అక్క మొగుడే. నలుగురూ పొగబండ్లే. విరామంలో స్టేజీ వెనక గదిలోంచి వచ్చే పొగ చూసి, ఏదో అంటుకుందనుకుని బకెట్లతో పరిగెత్తుకొచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ఒక ఆదివారం పాట మాంచి పట్టుమీద ఉండగా బాకా ట్రంపెట్‌లోకే దగ్గాడు. ఆ వింత చప్పుడుకి అదిరిపడి, తిరిగేవాళ్లలో ఇద్దరు చతికిలబడ్డారు. మిగతావాళ్లు పడీపడీ నవ్వారు. బూట్లు అద్దెకిచ్చే కౌంటర్లో కూర్చున్న అతని భార్య మాత్రం నవ్వలేదు. ఆ పూటే బాకా సిగరెట్లు మానేశాడు.

"నువ్వా? మానడమా?" అన్నాడు బావ. "రేపు పొద్దున టీ తాగుతావుగా, అప్పుడు చూద్దాంలేరా."

టీ గండం గడిచింది. మిగతావే ఓ పట్టాన గడవలేదు. ప్రాక్టీసులో మాస్టారు సిగరెట్ పట్టుకున్న చేత్తోనే తాళం వేస్తుంటే, బాకా చూపు ఆ వేళ్ల వెంటే పైకీ కిందికీ తిరిగేది. ఇంటికొస్తే బాల్కనీలో మామగారు. "పొగ నీవైపు వస్తోందా అల్లుడూ?" అంటూ మర్యాదగా పక్కకి జరిగేవారు. ఆయన ఎటు జరిగితే గాలీ అటునుంచే వీచేది. బాకా లవంగాలు నమిలాడు, పెన్ను మూతలు కొరికాడు, అయినదానికీ కానిదానికీ ఇంటిల్లిపాది మీదా కస్సుబుస్సులాడాడు. వెలిగించలేదు మాత్రం.

మానేశాక మూడో ఆదివారం ఆ సంగతి జరిగింది. ఒక పాట చివర ట్రంపెట్ స్వరం నాలుగు లెక్కల పాటు నిలవాలి. ఎప్పుడూ మూడో లెక్కకే అతని ఊపిరి అయిపోయేది. ఈసారి నాలుగు దాటింది. ఆరైంది. ఎనిమిదైంది. గుండెల్లో ఇంకా గాలి ఉంది! బాకాకి ఆపబుద్ధి కాలేదు. కింద తిరిగేవాళ్లు కాళ్లు కదపడం మాని చేతులు చాచి అలా జారిపోసాగారు.

"ఊదినంతసేపూ ఎవరూ కాలు కదపకూడదు!" అని ఒకమ్మాయి అరిచింది.

"ఆపరా నాయనా, చేతులు పడిపోతున్నాయి," అని బావ డ్రమ్ముల వెనకనుంచి మొత్తుకున్నాడు.

ఆపేసరికి హాలంతా ఒకటే ఈలలు. "మళ్లీ! మళ్లీ!"

రెండోసారి మాస్టారు తానేం తక్కువని క్లారినెట్‌తో అందుకున్నారు. ఏడో లెక్కకి ఆయనకి కళ్లు బైర్లు కమ్మాయి. తిన్నగా వెళ్లి బాబాయి ఒళ్లో కూలబడ్డారు.

"మాస్టారూ, నీళ్లు తెమ్మంటారా?"

"నీళ్లొద్దు. ముందు వాడి నోరు మూయించండి!"

విరామంలో ముగ్గురూ వెనక గదిలో పడి వెలిగించుకున్నారు. బావ అలవాటు చొప్పున సిగరెట్ పెట్టె అందించాడు. బాకా చెయ్యి సగం దాకా వెళ్లింది. మూడు వారాల్లో ఎన్నడూ లేనంతగా నోరు పీకింది. సంతోషం కూడా సిగరెట్ అడుగుతుందని అతనికి ఎవరూ చెప్పలేదు.

"బావా, నీకు దణ్ణం పెడతా, అది లోపల పెట్టు," అని ఒక్క ఉదుటున బయటపడి కౌంటర్ దగ్గరికి పరిగెత్తాడు. "తొమ్మిదో నంబరు బూట్లియ్యి."

"ఎవరికి?" అంది భార్య.

"నాకే."

"ఎప్పుడైనా వేసుకున్నారా?"

"లేదు. పోయేదేముంది?"

"నడుం," అంటూనే ఆమె బూట్లు తెచ్చి, తనూ ఒక జత తొడుక్కుని, అతని చెయ్యి పట్టుకుంది.

మొదటి చుట్టులో రెండుసార్లు పడ్డాడు, రెండోసారి ఆమెనీ పడేశాడు. ఇద్దరూ నేలమీద కూర్చుని కళ్లనీళ్లు కారేలా నవ్వారు. మూడో చుట్టుకి కాళ్లు కాస్త మాట విన్నాయి. నాలుగో చుట్టుకి ఆమె చెయ్యి వదిలేసింది.

గంట మోగింది. మాస్టారు స్టేజీ అంచున నిలబడి కేకేశారు. "బాకా! పాట మొదలెట్టాలి, పైకి రా!"

"ఎలా ఆపాలో తెలీదు మాస్టారూ!" అని అరుస్తూ అతను ఆయన ముందునుంచే సర్రున వెళ్లిపోయాడు.