మార్జిన్ లేని ప్యాంటు

లోకంలో ఎవరు లావెక్కినా ముందుగా చాడీ చెప్పేది ప్యాంటే. గుండీ పట్టదు, నడుము దగ్గర ఒరుసుకుంటుంది, కూర్చుంటే ఊపిరాడనివ్వదు. అప్పుడు మనిషి అద్దం ముందు నిలబడి, అయ్యో అనుకుంటాడు. మన మాస్టారికి ఆ అదృష్టం కూడా లేకపోయింది. ఎందుకంటారా? ఆయన టైలరు. ప్యాంటు కాస్త బిగిసిందా, గిరాకీ లేని పూట చూసుకుని వెనక కుట్టు విప్పేవాడు, లోపల మార్జిన్‌గా వదిలిన గుడ్డలోంచి అరంగుళం వదిలి మళ్ళీ కుట్టేసేవాడు. ఆ గుడ్డ కాస్తా అయిపోయాక నడుముకి ఎలాస్టిక్ వేసేశాడు. ఇలా పదిహేనేళ్ళు! వీధి వీధంతా లావయ్యావంటున్నా, "నా బట్టలు నాకు వదులుగానే ఉన్నాయి కదయ్యా" అని అందరి నోళ్ళూ మూయించేవాడు.

ఆ పప్పులు డాక్టరమ్మ దగ్గర ఉడకలేదు.

మాస్టారికి ఒక అక్క. ఆరేళ్ళు పెద్దది. షాపు పై గదుల్లో తమ్ముడి కుటుంబంతోనే ఉంటుంది. గుండీలు కుట్టడం, అంచులు మడవడం, చేత్తో చేసే పనంతా ఆవిడదే. అసలు ఆయనకు సూదిలో దారం ఎక్కించడం నేర్పిందే ఆవిడ. రెండేళ్ళుగా ఆవిడ కిడ్నీలు పనిచేయడం లేదు. వారానికి మూడు రోజులు ఆసుపత్రిలో రక్తం శుభ్రం చేయించుకోవాలి. మాస్టారు తన కిడ్నీ ఒకటి ఇస్తానన్నాడు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. కలవనిదల్లా ఆయన బరువే.

"ఈ ఒంటితో మిమ్మల్ని ఆపరేషన్ బల్ల ఎక్కించను" అంది డాక్టరమ్మ. "పది కిలోలు తగ్గండి. ఐదు నెలల తర్వాత రండి. పస్తులుండి తగ్గి, ఆ తర్వాత రెట్టింపు పెరిగే బేరం మాత్రం నాకొద్దు. ఒక్క కిడ్నీతో బతకాల్సినవాళ్ళు మీరు. బతికినంత కాలం చేయగలిగేదేదో అదే మొదలెట్టండి."

"తగ్గకపోతే?"

"మీ అక్కగారు అంతకాలం ఆగగలరో లేదో నేను చెప్పలేను."

అక్క పక్కనే కూర్చుని వింది. "నాకెవరి కిడ్నీ వద్దు. వాడికి ఇద్దరు పిల్లలున్నారు" అంది. కిడ్నీ తీసుకోవడానికి ఒప్పుకుంటున్నానని ఆవిడ సంతకం పెట్టాల్సిన కాగితం ఆ రోజు ఖాళీగానే ఉండిపోయింది.

షాపుకి రాగానే మాస్టారు ఓ మంచి ముదురు నీలం గుడ్డ తీసుకుని కటింగ్ బల్ల మీద పరిచాడు. తన నడుముకి నాలుగంగుళాలు తక్కువగా ప్యాంటు కత్తిరించి కుట్టాడు. కుట్టి, లోపల మిగిలిన మార్జిన్‌ని గోరు వెడల్పు మాత్రం ఉంచి మిగతాదంతా కత్తిరించి పారేశాడు. ఇక ఆ ప్యాంటుని బ్రహ్మదేవుడు దిగొచ్చినా వదులు చేయలేడు. "నాకు టేపు వద్దు, కాటా వద్దు. టేపు నా చేతిలో ఉంటే పొట్ట దానంతటదే లోపలికి పోతుంది. నాకు న్యాయం చెప్పేది ఇదే" అని ట్రయల్ రూమ్ కొక్కేనికి తగిలించాడు.

తర్వాత అలవాట్లు. ఆయన పెద్ద పెద్ద ఒట్లేమీ పెట్టుకోలేదు. మిషన్ కింద బాబిన్‌లో దారం అయిపోయిన ప్రతిసారీ లేచి, వీధి చివరిదాకా నడిచి వచ్చి, అప్పుడు కొత్త దారం చుట్టుకోవాలి. అంతే. రోజుకి ఎనిమిది బాబిన్లో, పదో. కుట్టిన బట్టలు ఆయనే స్వయంగా ఇళ్ళకు తీసుకెళ్ళి ఇచ్చేవాడు. మిషన్ పక్కనుండే బిస్కెట్ల డబ్బాని భార్య మేడ మీదికి ఎత్తేసింది. టీలో చక్కెర నెమ్మదిగా తగ్గించారు. తిండి మాత్రం మిషన్ ముందు కాదు, మేడ మీద బల్ల దగ్గర కూర్చుని.

మొదటి వారం ఆయన ముఖం చూడాలి! కాళ్ళు నొప్పులు, చిరాకు, అందరి మీదా అరుపులు. ఎదురుగా ఉన్న మంగలి, "ఏంటి మాస్టారూ, వీధికి కొలతలు తీస్తున్నారా?" అని రోజూ వేళాకోళం. మాస్టారు నిమ్మకు నీరెత్తినట్టు నడిచిపోయేవాడు.

శనివారం శనివారం షాపు తెరవకముందు ప్యాంటు వేసుకుని చూసుకునేవాడు. గుండీకీ కాజాకీ మధ్య మొదట బెత్తెడు దూరం. నెలన్నర తిరిగేసరికి అది రెండు వేళ్ళకు వచ్చింది. మనిషికి రెక్కలొచ్చాయి. ఆ తర్వాతే వచ్చింది అసలు తంటా. రెండో నెల అయింది, మూడో నెల అయింది, నాలుగో నెల కూడా అయింది. రెండు వేళ్ళంటే రెండు వేళ్ళే. ఒక్క వేలు తగ్గితే ఒట్టు!

"నువ్వు సన్నబడ్డావు, నమ్మవేం?" అనేది భార్య.

"నువ్వలా అనక ఏమంటావులే" అనేవాడు. ఎలాస్టిక్ ప్యాంట్లు ఏ నడుముకైనా సరేనంటాయి, వాటిని సాక్ష్యం అడిగి లాభం లేదు.

ఆసుపత్రి తేదీ ఇంకో పది రోజులుందనగా వచ్చిన శనివారం మళ్ళీ అదే రెండు వేళ్ళు. ఆయనకు ఏడుపొచ్చింది, సిగ్గేసింది. డాక్టరమ్మ ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను, అసలు వెళ్ళనే వెళ్ళను, నా వల్ల కాదు, అక్కను నేనే చంపుకుంటున్నాను అనుకున్నాడు. ఆ రోజు మిషన్ దగ్గర కూర్చుని, ఇవాళ్టి నుంచి నడకా లేదు గిడకా లేదు అని గట్టిగానే తీర్మానించుకున్నాడు. బాబిన్ అయిపోయింది. చూసుకుంటే వీధి చివర ఉన్నాడు! కాళ్ళు ఆయన్ని అడగలేదు, లేచి నడిచేశాయి. ఆయనకు తన మీద తనకే నవ్వొచ్చింది. తగ్గినా తగ్గకపోయినా ఈ నడక మాత్రం నన్ను వదిలేలా లేదు అనుకుంటూ వెనక్కి వచ్చాడు.

కానీ ప్యాంటు మీద కోపం చల్లారలేదు. కొక్కెం మీంచి లాగి, విప్పేసి సంచి కుట్టేద్దామని వెనక కుట్టు దగ్గర లోపలికి తిప్పాడు. తిప్పినవాడు తిప్పినట్టే ఉండిపోయాడు.

లోపల రెండు వేళ్ళ వెడల్పున గుడ్డ ఉంది.

తను గోరు వెడల్పు ఉంచి కత్తిరించేసిన చోట, అటూ ఇటూ రెండేసి వేళ్ళ గుడ్డ ఎక్కణ్ణించి వస్తుంది? దీపం దగ్గరికి తీసుకెళ్ళి చూశాడు. సూది గుచ్చిన జాడలు వరసగా, ఒకదాని పక్కన ఒకటి, ఐదు వరసలు. ఎవరో ఐదుసార్లు కుట్టు విప్పి, నడుము కొంచెం కొంచెం లోపలికి పట్టి కుట్టారు. మిషన్ కుట్టు కాదు, చేతి కుట్టు. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో ఒక్కో కుట్టు. చివర దారానికి రెండు ముడులు వేసి, తోకని ఎడమ పక్కకి దాచారు. అలా దాచేవాళ్ళు ఈ భూమ్మీద ఇద్దరే. ఒకడు తను. రెండోది తనకు నేర్పినావిడ.

అక్క షాపు కిటికీ దగ్గర కూర్చుని చొక్కాకి గుండీ కుడుతోంది. మాస్టారు ప్యాంటు తీసుకెళ్ళి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ తల ఎత్తలేదు.

"నేను బట్టలివ్వడానికి వెళ్ళినప్పుడా?" అన్నాడు.

"ఆఁ."

"ఎందుకక్కా? నీకేమైనా మతి పోయిందా? మూడు నెలలు! నాకు చేతకాదనుకుని చచ్చాను!"

"చేతకాదని నువ్వు వదిలేస్తావనుకున్నాన్రా" అంది అక్క. "వద్దంటే వినవు కదా మొండిఘటానివి. నా ప్రాణం కోసం నీ ఒళ్ళు కోయించుకుంటానంటావు. రేపు నీకేమైనా అయితే నీ పిల్లల ముఖం నేనెలా చూడను? నీ అంతట నువ్వే మానేస్తే ఎవరి తప్పూ ఉండదనుకున్నా."

"మరి ఐదుసార్లెందుకు?"

"నువ్వు మానలేదు కదా!" అంది అక్క. "అరంగుళం పట్టేస్తే అరంగుళం తగ్గేవాడివి. మళ్ళీ పట్టేస్తే మళ్ళీ తగ్గేవాడివి. చివరిసారి కుట్టేటప్పుడు సూది మొన కనబడలేదురా. ఏడ్చాను. చూడు, ఆ కుట్టు వంకరగా ఉంటుంది."

చూశాడు. ఐదో వరస నిజంగానే వంకరగా ఉంది. అక్క జీవితంలో వంకర కుట్టు కుట్టగా ఆయన చూడలేదు. అరవాలని నోరు తెరిచినవాడు కాస్తా నేల మీద కూలబడి నవ్వడం మొదలెట్టాడు. కడుపుబ్బా నవ్వాడు, కళ్ళు తుడుచుకున్నాడు, మళ్ళీ నవ్వాడు. మేడ మీంచి భార్య పరుగెత్తుకొచ్చి, సంగతి విని, "నేను చెప్తే విన్నావా? ఇప్పుడు మీ అక్క కుట్టు చెప్పింది, నమ్ము!" అని ఇద్దర్నీ కలిపి కడిగేసింది.

ఆసుపత్రి రోజున ఆ ప్యాంటే వేసుకున్నాడు. ముందు రాత్రి అక్కే ఆ ఐదో కుట్టు విప్పి, మొదటి కొలతకు తెచ్చింది. గుండీ హాయిగా పట్టేసింది. డాక్టరమ్మ కాటా మీద నిలబెట్టి చూసి, పాత చీటీ చూసి, మళ్ళీ కాటా చూసింది.

"పదకొండున్నర తగ్గారు. ఏం చేశారు?"

"దారం అయిపోయినప్పుడల్లా లేచానండి" అన్నాడు మాస్టారు.

ఆవిడకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా మిగతా పరీక్షలన్నీ రాసిచ్చింది. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, ఇచ్చేవాళ్ళను అన్ని విధాలా చూసుకున్నాకే ఒప్పుకుంటామని, ఈ అలవాట్లు ఇలాగే ఉంటే తమ్ముడు నిక్షేపంగా ఉండొచ్చని, ఆవిడ అడిగిన ప్రతిదానికీ ఓపికగా జవాబు చెప్పింది. అక్క అన్నీ విన్నది. ఆ కాగితాన్ని మాత్రం సంతకం పెట్టకుండానే మడిచి సంచిలో పెట్టుకుంది.

షాపుకి వచ్చాక, "ఆ ప్యాంటు విప్పివ్వు. నడుం దగ్గర వదులైంది" అంది అక్క.

కిటికీ దగ్గర కూర్చుని వెనక కుట్టు విప్పింది. ఆయన ఒంటికి సరిపడేంత, అంతకు ఒక్క పోగు ఎక్కువ కాకుండా, లోపలికి పట్టి కుట్టింది. కుట్టు తిన్నగా వచ్చింది. లోపల ఓ వేలెడు గుడ్డ మిగిలింది. ఎవరి ప్యాంటులోనైనా అవసరమొస్తుందని ఆ కాస్త గుడ్డ ఉంచేయడం ఆవిడకు నలభై ఏళ్ళ అలవాటు.

"కత్తెరివ్వరా" అంది.

ఇచ్చాడు. ఆవిడ గోరు వెడల్పు ఉంచి మిగతాదంతా కత్తిరించేసింది. ముక్కలు చెత్తబుట్టలో వేసి, చేతులు దులుపుకుని, సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పరిచింది.

"ఎక్కడ పెట్టాలి సంతకం?" అని అడిగింది.

మాస్టారు కలం తెచ్చి ఆవిడ చేతికిచ్చాడు. చోటు వేలు పెట్టి చూపించాడు.