మా మడి నీళ్లు

తెల్లారేసరికి చెరువులో చేపలన్నీ చచ్చి తేలాయి. మా ఆయన నూకయ్య వేలం పాటలో దక్కించుకున్న చెరువు అది, ఏడాదంతా దాని మీదే మా బతుకు. గట్టు మీద నిలబడి ఆయన అరిచిన మొదటి మాట, "డేవిడ్‌రాజుగాడే విషం కలిపీసినాడు!"

నాకు ఒళ్లు మండిపోయింది. విషం కలిపితే నీళ్లు పెసరపిండిలా పచ్చగా ఎందుకుంటాయి? పాచి కమ్ముకొస్తోందని వారం రోజులుగా మొత్తుకుంటూనే ఉన్నాను. డేవిడ్‌రాజు చేసిన నేరమల్లా, తన గేదెను చెరువులో దింపనివ్వలేదని మొన్న మా ఆయనతో గొడవపడడం.

అసలు సంగతి నాకు తెలుసు. డీఏపీ ఎరువును నాట్లకు ముందే, దమ్ములోనే కలిపి దున్నెయ్యమని వ్యవసాయ సహాయకురాలు అనిత చిలక్కి చెప్పినట్టు చెప్పింది. పైన చల్లితే వానకు కొట్టుకుపోయి చెరువులో పాచిని పెంచుతుందనీ, ఆ పాచి కుళ్లితే చేపలకు ఊపిరాడదనీ కూడా చెప్పింది. మా ఊళ్లో వింటారా? నాట్లయ్యాక, మబ్బు పట్టాక చల్లితేనే వీళ్లకు తృప్తి.

"వాన పడితే బాగా కరుగుతాది, నీకేటి తెల్సు?" అన్నాడు ఈ మహానుభావుడు. మూడు వారాల కిందట, ఎకరాకు ఒక బస్తా చాలంటే రెండు గుమ్మరించాడు. తట్ట పట్టుకుని వెనకాల నడిచింది నేనే. ఆ సాయంత్రమే కుండపోత. నాట్లు మునిగిపోతాయని మడి గట్టు తెగ్గొట్టి నీళ్లన్నీ పక్కనున్న గెడ్డ వాగులోకి వదిలేశాడు. ఆ గెడ్డ నేరుగా మా చెరువులోకే దిగుతుంది.

ఇంతలో జనం డేవిడ్‌రాజును చొక్కా పట్టి లాక్కొచ్చారు. అతని భార్య ఎలీసమ్మ కాళ్లావేళ్లా పడుతోంది.

"నాను సెయ్యనేదు బావా, పిల్లల మీద ఒట్టు!" అన్నాడతను.

మా ఆయన అతని చెంప పగలగొట్టాడు. "టేసనుకి పదరా!"

నేను పళ్లు బిగించుకుని నిలబడ్డాను. మొగుడి పరువు కదా! రెండో దెబ్బకు డేవిడ్‌రాజు పెదవి చిట్లి నెత్తురు కారింది. ఇక నావల్ల కాలేదు.

"ఆడ్ని ఒగ్గీ! మన మడి నీళ్లే సేపల్ని సంపీసినాయి. డీఏపీ సల్లింది నువ్వు, తట్ట మోసింది నాను. గట్టు తెంపింది నువ్వు కాదా?"

మా ఆయన ముఖం మాడిపోయింది. వెనక నిలబడ్డ చినబాబు వాళ్లవి మా మడికి ఎగువనున్న మళ్లు. వాళ్ల వైపు తిరిగాను.

"మీరూ సల్లినారు గదరా! మీ నీళ్లెటు పోనాయి? ఆకాశానికి ఎగిరిపోనాయా?"

డేవిడ్‌రాజు చొక్కా పట్టుకున్నవాళ్లు వదిలేశారు.

"ఇంటికి రాయే, నీ పని సెప్తాను," అన్నాడు మా ఆయన.

"వస్తాను. ముందు ఆడి కాళ్లు పట్టుకో."

ఎలీసమ్మ కొంగుతో భర్త పెదవి తుడిచి నా దగ్గరకొచ్చింది. మెచ్చుకుంటుందనుకున్నాను.

"తొలి దెబ్బ పడకముందే నీకు తెల్సు గదా, ధనలక్ష్మీ?"

తెలుసన్నాను. ఆమె మరో మాట అనకుండా మొగుడి చెయ్యి పట్టుకుని గట్టు దిగి వెళ్లిపోయింది.