మూడో పేజీలో ఎర్ర చుక్క

ఆ కమిటీ పేరు ఒక్క ఊపిరిలో చెప్పగలిగినవాళ్లు ఊళ్లో ఎవరూ లేరు. సమాన నివాస హక్కుల, సామాజిక మమేకతా స్థానిక సలహా సంఘం. బోర్డు రాసిన పెయింటర్ చోటు చాలక చివరి సున్నాని పక్కనున్న గోడ మీదకి నెట్టేశాడు. పని మాత్రం రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. ఎవరికైనా వాళ్ల ఉద్యోగం చూసో, పుట్టుక చూసో, ఒంటరి ఆడమనిషి అనో అద్దెకి ఇల్లివ్వకపోతే ఈ కమిటీ ఫిర్యాదు తీసుకోవాలి. నిజమని తేలితే ఒక లెటర్ ఇవ్వాలి. ఆ లెటర్ చూపిస్తే మున్సిపాలిటీ తన ఖాళీ ఇళ్లలో ఒకటి ఇస్తుంది. లెటర్ లేకపోతే ఇల్లు లేదు.

పెట్టి ఏడు నెలలైంది. ఇచ్చిన లెటర్లు సున్నా. ఎందుకంటే వచ్చిన ఫిర్యాదులు సున్నా.

ఈ సున్నా చూసి చైర్మన్ హెడ్మాష్టారు పొంగిపోయారు. రిటైరై పదేళ్లయినా ఊరంతా తన క్లాసే అనుకునే మనిషి. ఒక్క ఫిర్యాదూ రాలేదంటే ఊళ్లో వివక్షే లేదన్నమాట అని రిపోర్టు రాయించారు. ఊరి మొదట్లో 'అందరి ఊరు' అని పెద్ద బోర్డు కూడా పెట్టించాలని సిఫార్సు చేశారు. గురువారం మీటింగులో అందరూ దాని మీద సంతకాలు పెట్టడమే మిగిలింది.

పిచ్చుక ఆ కమిటీలో యువ సభ్యురాలు. పిచ్చుక అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరు. కమిటీలో అందరికీ కంప్యూటరమ్మాయి. ఉద్యోగం ఏంటంటే, వేరేవాళ్లు రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టుకోవడం. 'దానికి జీతం కూడా ఇస్తున్నారా, నువ్వు ఇంట్లో ఊరికే చేసే పనే కదా' అంటుంది అమ్మ. కమిటీకి ఆన్‌లైన్ ఫిర్యాదు ఫారం తయారుచేసింది పిచ్చుకే. ఒక ఆదివారం కూర్చుని, టీ చల్లారేలోపు అయిపోగొట్టింది.

బుధవారం సాయంత్రం ప్రొజెక్టర్ సరిచూద్దామని మీటింగు గదికి వెళ్తే, గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. నలభై ఐదు దాటి ఉంటాయి. సంచిలో మడతపెట్టిన నీలం కోటు, మెడలో ఆసుపత్రి కార్డు.

"ఫారం మేడం మీరేనా?" అంది.

ఇంతవరకూ పిచ్చుకని ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఔనంది.

ఆవిడ పెద్దాసుపత్రి మార్చురీలో అటెండర్. ఆసుపత్రిలో అందరూ మార్చురీ అక్క అంటారట, తనే చెప్పింది, ఇంటి పేరు చెప్పినంత మామూలుగా. ఉంటున్న స్టాఫ్ క్వార్టర్స్‌ని ముప్పయ్యో తారీఖున పడగొట్టేస్తున్నారు. టెన్త్ చదివే కూతురుంది. ఇప్పటికి పదహారు ఇళ్లు చూసింది. పని ఎక్కడ అని అడగనంతసేపూ అన్నీ ఖాళీగానే ఉంటాయి, చెప్పగానే అన్నీ నిండిపోతాయి. ఊరి బయటకి పోదామంటే కుదరదు. పిలుపొస్తే అరగంటలో డ్యూటీలో ఉండాలి, లేకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. అందుకని కమిటీ లెటర్ కోసం ఫారం నింపుతోంది. రెండు నెలలుగా నింపుతూనే ఉంది.

"మూడో పేజీ దాటట్లేదమ్మా" అని ఫోన్ చూపించింది.

మూడో పేజీలో ఎర్ర చుక్క ఉంది, తప్పనిసరి అనడానికి గుర్తు. దాని పక్కన: ప్రస్తుత నివాస చిరునామా రుజువు జతచేయండి. జతచేయకపోతే ఫారం ముందుకి కదలదు.

క్వార్టర్స్ అడ్రసు పెట్టొచ్చు కదా అంది పిచ్చుక, తన గొంతు తనకే నీరసంగా వినిపిస్తుంటే. అడిగిందట. పడగొట్టబోయే బిల్డింగుకి అడ్రసు సర్టిఫికెట్ ఏంటని ఆఫీసువాళ్లు నవ్వి పంపేశారట.

"నాకు ఇల్లివ్వట్లేదని చెప్పుకుందామని వస్తే, ముందు ఇల్లు చూపించమంటోంది మీ ఫారం" అంది మార్చురీ అక్క. కోపంగా కూడా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది.

ఆ ఎర్ర చుక్క పెట్టినరోజు పిచ్చుకకి బాగానే గుర్తుంది. ఊరూ పేరూ లేనివాళ్లొచ్చి మర్యాదస్తుల మీద బురద జల్లకూడదు, రుజువు తప్పనిసరి చెయ్యమ్మా అన్నారు హెడ్మాష్టారు. సరే సార్ అంది. రెండు క్లిక్కులు. మూడేళ్లుగా వేరేవాళ్ల తప్పులన్నీ పట్టి జీతం తీసుకుంటున్న మనిషి, తన తప్పుని ఏడు నెలలు నెత్తిన పెట్టుకుని తిరిగింది.

రేపు పదకొండింటికి రమ్మని అక్కని పంపించి, అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. సగంలో ఆగిపోయిన ఫారాలని సిస్టమ్ దానంతటదే దాచిపెడుతుంది. ఆ దాచిన చోట ఎప్పుడైనా చూడాలని కూడా తనకి తోచలేదు. ఇప్పుడు చూస్తే నూట నలభై మూడున్నాయి. అన్నీ మూడో పేజీ దగ్గరే ఆగిపోయాయి.

చదువుతూ పోయింది. మొగుణ్ణి వదిలేసిందని ఇవ్వలేదు. చెత్త బండి నడుపుతాడని ఇవ్వలేదు. కళ్లు కనపడవు, గ్యాస్ అంటించి ఇల్లు తగలబెడతాడని ఇవ్వలేదు. ఒకడికి ఇల్లిచ్చి, సామాను దించాక వాడి యాస విని మళ్లీ బండెక్కించారు. చదివేకొద్దీ చెవులు కాలిపోతున్నాయి. వీళ్లందర్నీ కలిపి రేపు సున్నా అని సంతకం పెట్టబోతున్నారు, అందులో ఒక సంతకం తనది.

మార్చురీ అక్క ఫారంలో పదహారిళ్లూ వరసగా ఉన్నాయి. చివరిది: నీళ్ల ట్యాంకు వెనక వీధి, పసుపు గేటు, మేడ మీద వాటా. 'ఇంటావిడ బాగా మాట్లాడారు. మంచినీళ్లిచ్చారు. పని చెప్పాక, వాళ్ల చెల్లెలి కొడుకు దిగుతున్నాడు, మర్చిపోయాను అన్నారు.'

నీళ్ల ట్యాంకు వెనక వీధిలో పసుపు గేటు ఒకటే ఉంది. దానికి రంగేసింది పిచ్చుకే. పైగా అమ్మకి చెల్లెలే లేదు.

ఇంటికెళ్లేసరికి అమ్మ గిన్నెలు తుడుస్తోంది. పిచ్చుక సంచి కూడా దించకుండా అడిగింది, మన మేడ మీదకి ఏ చెల్లెలి కొడుకు దిగుతున్నాడని. అమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది, మళ్లీ తుడవడం మొదలెట్టింది. ఏం తిట్టానా, తరిమానా, ఎంత మర్యాదగా చెప్పాను అంది. ఇల్లు మనది, ఎవరికివ్వాలో మనిష్టం అంది. వీధిలో అందరూ ఏమనుకుంటారు అంది. వీధిలో అందరూ చచ్చాక వెళ్లేది ఆవిడ దగ్గరికే, అప్పుడేమీ అనుకోరా అంది పిచ్చుక.

అమ్మ గిన్నె పక్కన పెట్టింది.

"ఆవిడెవరో నాకు తెలీదనుకుంటున్నావా? మీ నాన్న పోయిన రోజు అందరూ నాతో సంతకాలు పెట్టించుకుంటున్నారు. ఆవిడొక్కతే వచ్చి, అమ్మా, వారు పాపిడి ఏ పక్క తీసేవారు అని అడిగింది. ఆ మొహం రోజూ నా మెట్లెక్కి దిగుతుంటే, నేను రోజూ ఆ ఆసుపత్రి వరండాలోనే నిలబడాలి. నావల్ల కాదే."

నాన్న ఆరోజు అద్దం ముందు నుంచి లేచొచ్చినట్టే ఉన్నాడు. ఎవరు దువ్వారో అడగాలని కూడా పిచ్చుకకి తోచలేదు. కానీ కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

"అది నీ బాధ అమ్మా. నీ బాధకి ఆవిడెందుకు రోడ్డు మీద పడాలి? నాన్నకి అంత మర్యాద చేసినందుకా?"

రేపు మీటింగులో నా పరువు తీస్తావా అంది అమ్మ. తీస్తాను అంది పిచ్చుక. అమ్మ వంటింట్లో లైటు కట్టేసి, కూతుర్ని చీకట్లో వదిలేసి వెళ్లిపోయింది. పొద్దున ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. టిఫిన్ డబ్బా మాత్రం చెప్పుల పక్కన పెట్టి ఉంది.

గురువారం పదకొండింటికి హెడ్మాష్టారు రిపోర్టు కాపీలు పంచారు. అట్ట మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ ఉంది. పిచ్చుక లేచి, ప్రొజెక్టర్ మీద నూట నలభై మూడు ఫారాలు పెట్టి, జరిగిన తప్పు తనదేనని చెప్పి, ఒక్కొక్కటే చదవడం మొదలెట్టింది. ఏడోదానికల్లా హెడ్మాష్టారు చెయ్యెత్తారు. పూర్తికాని ఫారం ఫిర్యాదు కాదన్నారు. సగం రాసి ఇచ్చిన పేపరుకి నేనెప్పుడైనా మార్కులేశానా అన్నారు. సభ్యులు ఇద్దరు నవ్వారు కూడా.

వాళ్లు నవ్వుతుండగానే పిచ్చుక ఎర్ర చుక్క తీసేసింది. పెట్టినప్పుడు రెండు క్లిక్కులు, తీసినప్పుడూ రెండే. తలుపు దగ్గరికెళ్లి, బయట బెంచీ మీద కూర్చున్న మార్చురీ అక్కకి సైగ చేసింది. అక్క ఫోన్ మీద వేలు నొక్కింది. గోడ మీద, వచ్చిన ఫిర్యాదులు అన్నచోట సున్నా పోయి ఒకటి పడింది.

గదిలో నవ్వు ఆగిపోయింది.

హెడ్మాష్టారు తేరుకుని, సరే, ఫిర్యాదు వచ్చింది, సంతోషం, ఇంటి యజమానికి నోటీసిద్దాం, జవాబుకి అరవై రోజులు గడువిద్దాం అన్నారు. ముప్పయ్యో తారీఖుకి ఇంక పదకొండు రోజులే ఉన్నాయి. కమిటీలో ఒక లాయరమ్మ ఉంది, ఏడు నెలల్లో పెద్దగా నోరు విప్పని మనిషి. ఆవిడ కళ్లజోడు సవరించుకుని నిబంధనల పుస్తకం తిరగేసింది. పదహారు మందిలో ఒక్క యజమాని కమిటీ ముందు ఒప్పుకున్నా గడువు అక్కర్లేదు, లెటర్ ఈరోజే ఇవ్వొచ్చు అని చదివింది.

"ఎవరొప్పుకుంటారమ్మా?" అన్నారు హెడ్మాష్టారు, పాఠం అయిపోయినట్టు పుస్తకం మూస్తూ.

పదహారో ఇల్లు మాదే అంది పిచ్చుక. గుమ్మంలో నిలబడ్డ మార్చురీ అక్క తలెత్తి చూసింది. ఆ చూపు పిచ్చుక తట్టుకోలేకపోయింది, ఫోన్ తీసి అమ్మకి కలిపి స్పీకర్ పెట్టింది.

ఇప్పుడు గుర్తొచ్చిందా అమ్మ, డబ్బా తిన్నావా లేదా అంది అమ్మ, గదంతా వినపడేలా. మీటింగులో అందరూ వింటున్నారని, మేడ మీద వాటా ఎందుకివ్వలేదని అడుగుతున్నారని చెప్పింది పిచ్చుక.

హెడ్మాష్టారు గోడ మీద పడ్డ ఫారం ఓసారి చూసి, ముందుకి వంగి, క్లాసులో వెనకబడ్డ పిల్లకి జవాబు అందించినట్టు అందించారు. మీరు పెద్దవారు, ఎవర్నీ బాధపెట్టే మనిషి కాదు, చుట్టాలబ్బాయి వస్తున్నాడు కాబట్టి వాటా ఇవ్వలేకపోయారు, అంతే కదమ్మా అన్నారు. పిచ్చుకకి ఒళ్లు మండిపోయింది. అబద్ధం ఆడలేనివాళ్లకి కూడా అబద్ధం నోట్లో పెట్టి మరీ మింగిస్తున్నాడు ఈయన. ఈ ఊరు ఇంత మర్యాదగా ఉండేది ఇందుకే అనుకుంది. ఔనని ఒక్క మాటంటే అమ్మ పరువు దక్కుతుంది, అక్క లెటర్ పోతుంది.

"మాష్టారూ" అంది అమ్మ. "మా చెల్లెలికి కొడుకు పుట్టలేదండీ. మా అమ్మకి ఆ చెల్లెలు కూడా పుట్టలేదు. ఆవిడ పని చూసే నేను ఇల్లివ్వలేదు. రాసుకోండి."

లాయరమ్మ ఆ మాటలు ఒక్కటీ పోకుండా రాసుకుంది.

ఆవిడున్నారా అక్కడ అని అడిగింది అమ్మ. ఉన్నానండీ అంది మార్చురీ అక్క. వాటా ఇంకా ఖాళీగానే ఉంది, రేపే దిగండి అంది అమ్మ.

"వద్దండి" అంది అక్క. "ఇవాళ తప్పు చేశానని ఇస్తారు. రేపు నేను మెట్లెక్కుతుంటే తలుపేసుకుంటారు. ఆ తలుపు చప్పుడు నేను పదహారు చోట్ల విన్నాను. నాకు లెటర్ ఇప్పించండి, చాలు."

అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. పిచ్చుకే మెల్లగా కట్ చేసింది.

లెటర్ మీద ముందు లాయరమ్మ సంతకం పెట్టింది, తర్వాత మిగతావాళ్లు. హెడ్మాష్టారు ఆఖరున పెట్టారు, పెన్ను రాయట్లేదని రెండుసార్లు విదిలించి మరీ. రిపోర్టు సంగతేంటని ఒకాయన గొణిగాడు. అట్ట మీద కుటుంబం అలాగే నవ్వుతోంది. పిచ్చుక తన కాపీని నాలుగు ముక్కలు చేసింది.

వరండాలో మార్చురీ అక్క లెటర్ని రెండుసార్లు చదువుకుని, ముందు జిరాక్సు తీయించాలి, ఈ ఊళ్లో ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకూడదు అంది. పిచ్చుక ఏదో సారీ లాంటిది మొదలెట్టింది. అక్క విననే లేదు. మూడో పేజీ దాటని మిగతావాళ్ల నంబర్లు నీ దగ్గరున్నాయా అని అడిగింది. ఉన్నాయంది పిచ్చుక. మరి ఇక్కడ నిలబడి నాతో కబుర్లేంటి అని మెట్లు దిగిపోయింది.

పిచ్చుక అదే బెంచీ మీద కూర్చుని, ఏడు నెలల కిందట మొట్టమొదట ఆగిపోయిన ఫారం తెరిచింది. చెత్త బండి నడిపే ఆయనది. ముగ్గురు పిల్లలు, ముసలి తల్లి. ఫోన్ చేస్తే నాలుగో రింగుకి ఎత్తాడు. కమిటీ నుంచి మాట్లాడుతున్నానని, ఫారం ఇప్పుడు పూర్తి చెయ్యొచ్చని, రుజువు అక్కర్లేదని గబగబా చెప్పేసింది. అవతల పిల్లల గోల, బస్సు హారన్. ఆయన ఓపిగ్గా అంతా విన్నాడు.

"అక్కడ ఇల్లు దొరక్క ఊరొదిలేసి ఆరు నెలలైందమ్మా. పనీ పోయింది" అన్నాడు. "అడ్రసు రుజువు మాత్రం ఇప్పుడుంది. వేరే ఊరిది. పనికొస్తుందా?"