మధ్యాహ్నం నుంచే కాఫీ

సరస్సు ఒడ్డునున్న డాన్సు మందిరానికి ఆ ఏటికి తాళం పడిన మర్నాడు అర్మాస్ తన అకార్డియన్‌ను మోసుకొచ్చి హిల్కా వాయిద్యాల రిపేరు దుకాణంలో బల్ల మీద పెట్టాడు. జీవితమంతా అడవిలో చెట్లు కోసిన మనిషి. శనివారాలు మాత్రం అదే చేతులతో ఈ అకార్డియన్ మీద వాల్ట్జ్‌లు వాయించి ఊరందరి చేతా డాన్సు చేయించేవాడు.

"శ్రుతి తప్పిందమ్మా. మొత్తం చూడాలి."

"ఎప్పటికి కావాలి అర్మాస్ గారూ?"

"తొందరేం లేదు. నీ వీలు చూసుకో."

ఆ ఊళ్ళో అందరూ చెప్పే మాటే అది. ఇల్లు అంటుకున్నా సరే, ఫైరింజన్ వాళ్ళకి ఫోన్ చేసి తొందరేం లేదని చెప్పేరకం మనవాళ్ళు అని హిల్కా భర్త టౌనో నవ్వుతుండేవాడు. ఆ సంగతి తెలిసి కూడా హిల్కా ఆ మాటను ఉన్నదున్నట్టుగా తీసుకుంది. అకార్డియన్‌ను పై అరలో పెట్టి, బట్ట కప్పింది.

టౌనో పోయాక ఆ రిపేరు దుకాణం హిల్కా ఒక్కతే నడుపుతోంది. పనికి కొదవ లేదు. కొదవల్లా పొద్దుకే. అన్నీ అయిపోతాయనే నమ్మకంతో తలుపు తీసేది. సాయంత్రం దీపం ఆర్పేటప్పుడు, చేయవలసిన పెద్ద పని ఏదో అలాగే మిగిలిపోయేది. దానికి తోడు ఆ దుకాణానికి ఒక ఆచారముంది. గడప దాటి లోపలికి వచ్చినవాళ్ళెవరైనా కాఫీ తాగకుండా వెళ్ళకూడదు. ఒక కప్పుతో ఆపడం మర్యాద కాదు. టౌనో తండ్రి నాటి నుంచి వస్తున్న పద్ధతి. పొయ్యి మీద కాఫీ కుండ చల్లారడమన్నది లేదు.

అందరికంటే ముందు టెల్లెర్వో వచ్చేది. టౌనోకి అక్క. పొద్దున్నే యాలకుల బన్నులు చేతిసంచిలో వేసుకుని వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఊళ్ళో ఎవరి పంపు గడ్డకట్టిందో, ఎవరి మేనకోడలు ఎవరితో లేచిపోయిందో చెప్పేది. వింటూ హిల్కా తెగిన భుజం పట్టీలు కుట్టేది, ఇరుక్కున్న మీటలు సరిచేసేది. ఈ చిన్న పనులు కాస్తా వదిలించుకుంటే పెద్ద పని ముందు స్థిమితంగా కూర్చోవచ్చునని ఆమె ఆశ. ఒక పట్టీ అయ్యేసరికి ఇంకో పట్టీ గుమ్మంలో నిలబడేది. దానికీ కాఫీ పోయాలి.

శ్రుతి చేయడం వేరే రకం పని. అకార్డియన్ కడుపులో వరుసలు వరుసలుగా సన్నని ఉక్కు రేకులుంటాయి. గాలి తగిలితే పలికేవి అవే. ఒక్కో రేకునూ బయటికి తీసి, పలికించి, విని, ఆకురాయితో వెంట్రుకవాసి అరగదీసి, మళ్ళీ వినాలి. దానికి కావలసింది నిశ్శబ్దం, పొద్దుటి చెవులు. మాటలు నిండిన చెవులతో మధ్యాహ్నం కూర్చుని అరగదీసిన రేకు మర్నాడు తప్పు పలికేది. దాన్ని రెండో వైపు అరగదీసి దారికి తేవాలి. అలా రేకు పలచబడిపోయేది. హిల్కాకి ఈ సంగతి తెలుసు. తెలిసి కూడా పొద్దుటి చెవులను టెల్లెర్వో కబుర్లకిచ్చి, మిగిలిన చెవులతో శ్రుతి చేసేది.

అర్మాస్ రొట్టె కొనుక్కోవడానికి ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా దుకాణంలోకి తొంగిచూసేవాడు. రెండు కప్పులు తాగేవాడు. పై అర వంక ఒకసారి చూసేవాడు. అయిందా అని అడిగేవాడు కాదు. అడగడమంటే వేధించడమని ఆయన లెక్క. అడగలేదు కనుక తొందర లేదని ఈమె లెక్క. ఆకులు రాలిపోయాయి, సరస్సు అంచులు గడ్డకట్టసాగాయి. ఇద్దరి మర్యాదా ఇద్దరినీ అలాగే ఉంచింది.

మొదటి మంచు పడిన రోజు హిల్కాకే సిగ్గనిపించి, అర్మాస్ కాఫీ తాగుతూ ఉండగానే అకార్డియన్‌ను కిందికి దించింది. అన్నిటికన్నా పై స్వరాల రేకుల వరుసను ఊడదీసి, పరీక్ష బల్ల మీద బిగించి, కాలితో తిత్తి తొక్కింది. సూది మొనలాంటి కీచు స్వరం గది నిండా పరుచుకుంది.

"అబ్బ, నా పళ్ళు జివ్వుమన్నాయే," అని టెల్లెర్వో చెవి మూసుకుంది.

అర్మాస్ కప్పు పట్టుకుని బల్ల మీది రేకుల వంకే చూస్తున్నాడు. ముఖంలో ఓపిక. కాసేపటికి అడిగాడు.

"తొక్కవేమ్మా?"

హిల్కా కాలు ఆగిపోయింది. టెల్లెర్వో నోరు తెరవబోతే చేత్తో వారించి, దాని కింది రేకును పలికించింది. ఆయన ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఆ కిందిది. ఆ కిందిది. వరుస సగం దాటాక అర్మాస్ తల పంకించాడు.

"ఆఁ. ఇది వినబడింది."

టెల్లెర్వో బన్ను కింద పెట్టేసింది.

"రంపం మిషన్ల చప్పుడు అంతా తినేసిందట," అన్నాడు అర్మాస్ కప్పులోకి చూస్తూ. "పైనుంచి మొదలై కిందికి దిగుతోంది. ఎక్కడ ఆగుతుందో డాక్టరుకీ తెలియదు. చెవుల్లో పెట్టుకునే మిషన్లు ఇచ్చాడు. వాటితో మాటలు వినబడుతున్నాయి కానీ, పాట పెడితే రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసినట్టుంది."

"ముందే చెప్పొచ్చు కదా," అంది హిల్కా.

"నీకు పనులున్నాయి కదమ్మా. ఎప్పుడు చూసినా నీ చేతిలో ఏదో ఒకటి ఉంటుంది." ఆయన మాటలో నిష్ఠూరమేమీ లేదు. అందుకే అది హిల్కాకి మరీ గుచ్చుకుంది. "ఒక్క వాల్ట్జ్ మొదట్నుంచి చివరిదాకా నా చెవులతో విని, అప్పుడు పెట్టె మూసేద్దామని. దానికి చెప్పకుండా వెళ్ళిపోయినట్టుండకూడదు కదా."

ఆయన వెళ్ళాక హిల్కా బల్ల ముందు నిలబడిపోయింది. టౌనోని ఆస్పత్రికి తీసుకెళ్ళిన టాక్సీ గుర్తొచ్చింది. పరీక్షలకే కదా, సాయంత్రానికి వచ్చేస్తానన్నాడు. ఆ సమయానికి ఒక మనిషి పట్టీ కోసం వచ్చి కూర్చున్నాడు. హిల్కా చేతిలో కాఫీ కుండ ఉంది. టౌనో గుమ్మంలో చెయ్యెత్తాడు. ఈమె తలూపి, రెండో కప్పు నింపింది. టౌనో మళ్ళీ ఆ గుమ్మంలో అడుగుపెట్టలేదు. పట్టీ మాత్రం చాలా బాగా కుదిరింది.

మర్నాడు పొద్దున్నే కాఫీ కుండను బీరువాలో పెట్టేసింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'మధ్యాహ్నం నుంచే కాఫీ' అని రాసి, తలుపుకి బయట తగిలించి, లోపల గడియ పెట్టింది. ఊరంతా కలిసి తనను వెలివేస్తారేమో అనిపించింది.

కాసేపటికి గడియ గలగలలాడింది.

"హిల్కా. ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉన్నాను వదినా. అట్ట మీద రాశాను, చూడండి."

"చూశాను. ఎవరో ఆకతాయిలు తగిలించారనుకున్నాను. తలుపు తియ్యి."

హిల్కా సందు చేసింది, తలుపు మొత్తం తీయలేదు. "పొద్దున శ్రుతి చేసుకుంటాను వదినా. మధ్యాహ్నం రండి. కుండ పెడతాను."

"మా నాన్న కట్టిన దుకాణమే ఇది. ఈ గడప మీద నన్నే నిలబెడతావా? మధ్యాహ్నం కాఫీ తాగితే నాకు నిద్ర పట్టదని తెలుసు కదా."

"పాలు ఎక్కువ పోస్తాను."

"పాలు పిల్లులకి పొయ్యి," అని టెల్లెర్వో సంచి భుజాన వేసుకుని మంచులో వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది. ఆమె వీపు కనబడినంతసేపూ హిల్కా సందులోంచి చూస్తూనే ఉంది. పిలిస్తే వెనక్కి వస్తుంది. పిలవాలనీ ఉంది. తలుపు మూసింది.

హిల్కా కాఫీకి రేషన్ పెట్టిందని రెండు రోజుల్లో ఊరంతా చెప్పుకున్నారు. పొద్దున వచ్చినవాళ్ళు అట్టను చదివి, ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయారు. మధ్యాహ్నం వచ్చినవాళ్ళతో ఆమె, "పట్టీలన్నీ శుక్రవారమే కుడతాను, అప్పుడు రండి," అనడం నేర్చుకుంది. మొదటిసారి అన్నప్పుడు చెమటలు పట్టాయి. ఆ మనిషి, "సరే, తొందరేం లేదు," అని కప్పు ఖాళీ చేసి వెళ్ళాడు. నిజంగానే అతనికి తొందర లేదు. ఇన్నాళ్ళూ ఇలాంటివాళ్ళ పనే ముందు చేసి, అర్మాస్ పని వెనక్కి నెట్టింది.

ఇంకొక అలవాటునూ తిప్పుకోవలసి వచ్చింది. టౌనో ఎప్పుడూ పై స్వరాల నుంచే మొదలుపెట్టేవాడు. చిన్న రేకులు త్వరగా అవుతాయి, పని సాగుతున్నట్టుంటుంది, చేతికి ఉత్సాహం వస్తుంది. హిల్కా చెయ్యి కూడా దానంతటదే అటే వెళ్ళబోయింది. ఆపుకుంది. అర్మాస్ చెవులకు అవి అందవు. అందేవాటిని ముందు చేయాలి. అన్నిటికన్నా అడుగునున్న లావు రేకులతో మొదలుపెట్టింది. మొండివి. మైనం కరిగించి ఊడదీయాలి, ఒక్కొక్కటీ పొద్దంతా తినేస్తుంది. కానీ నిశ్శబ్దంలో విన్నది మర్నాడు కూడా అలాగే వినబడింది. చేసిన పని మళ్ళీ చేయవలసిన అవసరం రాలేదు.

అర్మాస్ మధ్యాహ్నం వేళ వచ్చినప్పుడల్లా బల్ల మీద రేకులు పలికించి, ఎక్కడిదాకా వినబడుతోందో అడిగేది. హద్దు కిందికి జరుగుతోంది. ఈమె కింది నుంచి పైకి వెళుతోంది. రెండూ ఎక్కడ కలుసుకుంటాయోనని ఆమె రోజూ లెక్కపెట్టుకునేది. టెల్లెర్వో మాత్రం మధ్యాహ్నం కూడా రావడం మానేసింది. కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉండేది. పొద్దున నిశ్శబ్దం కావాలనుకున్నది తనే. మధ్యాహ్నపు నిశ్శబ్దం కూడా దానితోబాటు వస్తుందని అనుకోలేదు.

సరస్సు పూర్తిగా గడ్డకట్టాక, ఒక సాయంత్రం పలికించి చూస్తే, అర్మాస్‌కు వినబడే ఆఖరి రేకు, తను శ్రుతి చేసిన ఆఖరి రేకు ఒకటే అయ్యాయి. ఇక ఆగకూడదు. మర్నాడు పొద్దున్నే రమ్మంది. రాత్రికి రాత్రి ఆ హద్దు ఇంకా కిందికి జరిగిపోతుందేమోనని భయపడుతూనే పెట్టె బిగించింది.

మర్నాడు అర్మాస్ వచ్చి టోపీ తీసి, మిషన్లు కూడా చెవుల్లోంచి తీసి జేబులో వేసుకున్నాడు. పట్టీలు భుజాలకెక్కించుకున్నాడు. హిల్కా ఆయన ముందుకు వచ్చి, పెదవులు కనబడేలా గట్టిగా చెప్పింది.

"పై వరుస ఇంకా శ్రుతిలో లేదు అర్మాస్ గారూ. అక్కడిదాకా రాలేకపోయాను. నేనే ఆలస్యం చేశాను."

"అవి నాకు గుర్తున్నాయిలే," అన్నాడాయన. "గుర్తున్నవి ఎప్పుడూ శ్రుతిలోనే ఉంటాయి."

గడ్డాన్ని పెట్టె పైఅంచుకు ఆనించి, కళ్ళు మూసుకుని తిత్తి తెరిచాడు. అడుగు స్వరాలు నేలలోంచి లేచినట్టు లేచాయి. ఊళ్ళో అందరికీ తెలిసిన పాత వాల్ట్జ్. పాట పైకెక్కినచోటల్లా రేకులు అపస్వరం పలికాయి. ఆ తప్పు హిల్కాకి ఒక్కదానికే వినబడింది. ప్రతి తప్పునూ కదలకుండా వింది. ఆయన ముఖంలో మాత్రం ఎక్కడా తప్పు లేదు.

పాట చివరి మలుపులో ఉండగా హిల్కా కిటికీలోంచి చూసింది. టెల్లెర్వో బయట నిలబడి ఉంది. చేతిలో సంచి. టోపీ మీద, భుజాల మీద మంచు పేరుకుంది. చాలాసేపటి నుంచే ఉన్నట్టుంది. తలుపు మాత్రం తట్టలేదు.

పాట అయిపోయింది. అర్మాస్ తిత్తిలో మిగిలిన గాలిని మెల్లగా వదిలేసి, పెట్టె మూశాడు. మిషన్లు చెవుల్లో పెట్టుకోవడానికి కాసేపు పట్టింది.

"పైవి కూడా చేసెయ్యమ్మా. నా తర్వాత వాయించేవాళ్ళ చెవులు బాగుంటాయి కదా."

"ఎప్పటికి కావాలి?"

తొందరేం లేదని అనబోయాడు. నోటిదాకా వచ్చిన మాట ఆపుకుని, కొంచెం సిగ్గుపడుతూ అన్నాడు, "క్రిస్మస్ లోపు కావాలి."

"క్రిస్మస్ లోపు ఇస్తాను," అంది హిల్కా. వెళ్ళి తలుపు తీసింది. "లోపలికి రండి వదినా. గడ్డకట్టుకుపోతారు."

టెల్లెర్వో ముక్కు తుడుచుకుని, అట్ట వంక చూసింది.

"ఇంకా మధ్యాహ్నం కాలేదు కదా," అంది. "నీ పని చూసుకో. అప్పటిదాకా ఇక్కడే నోరు మూసుకుని కూర్చుంటాను."