వంటింట్లో వేలంపాట

కళ్ళు మూసుకుని వాసన చూసి, నాణెం ఏ సంవత్సరానిదో చెప్పగలిగినవాడు సాంగ్లీ మొత్తానికి తన్మయ్ ఒక్కడే. ఈ సంగతి ఊరందరికీ తెలుసు. ఎందుకంటే ఊరందరికీ తన్మయే చెప్పాడు.

ఒకరోజు మేనత్త కుసుమ్ ఆత్యా వాడి కళ్ళకి తువ్వాలు కట్టి అరచేతిలో ఏదో పెట్టింది. తన్మయ్ దీర్ఘంగా వాసన చూశాడు. చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు కూడా.

"పద్దెనిమిది వందల ముప్ఫై అయిదు. ఈస్టిండియా కంపెనీవాళ్ళ పావు అణా. సముద్రం దాటొచ్చింది, ఇంకా ఉప్పు వాసనొస్తోంది."

"నా పాత యూనిఫాం గుండీరా అది. ఉప్పు నా చెమటది."

ఆత్యా ఇరవై ఎనిమిదేళ్ళు మహారాష్ట్ర సర్కారువాళ్ళ ఎస్టీ బస్సుల్లో కండక్టరుగా చేసింది. టిక్కెట్టు డబ్బుల్లో వింత నాణెం ఏదైనా వస్తే, సంచీలో తన రూపాయి వేసి, దాన్ని ఇంటికి తెచ్చుకునేది. అలా ఓ డబ్బా నిండింది. రిటైరయ్యాక ఆ డబ్బా మేనల్లుడి చేతికిచ్చి, "నాకెందుకురా ఈ ఇనప ముక్కలు, ఆన్‌లైన్లో అమ్మిపారెయ్," అంది.

తన్మయ్ వాటిని 'నాణేల కచేరీ' అనే వాట్సాప్ గ్రూపులో ప్రతి ఆదివారం పొద్దున వేలానికి పెడుతున్నాడు. గ్రూపు పెద్ద పెంఢార్కర్ కాకా. ఆయన దగ్గర పాట మొదలయ్యాక నాణేన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. అమ్మేవాడే దొంగపేరుతో ధర పెంచుతూ దొరికితే గ్రూపులోంచి గెంటేస్తారు. కాకా సొంత బావమరిదినే గెంటేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఆయన అన్నం ఆయనే వండుకుంటున్నాడని చెప్పుకుంటారు. ఆ గ్రూపులో అమ్మేవాడిగా చేరడానికి తన్మయ్ రెండేళ్ళు కాకా చుట్టూ తిరిగాడు. అందులోంచి తీసేస్తే వాడికి సాంగ్లీలో గాలి ఆడదు.

అందుకే చాలా జాగ్రత్తగా, వేరే ఫోనులో, 'నాగపూర్ ఇనామ్‌దార్' అనే పేరుతో, ఏనుగు బొమ్మ పెట్టుకుని దొంగపాట పాడుతున్నాడు.

ఆ ఆదివారం డబ్బాలో మిగిలిన ఆఖరి నాణెం వంతు వచ్చింది. టంకశాలలో అచ్చు పక్కకి జరిగి పడిన రూపాయి. సగం బొమ్మ, సగం బోడి. ఇలాంటి తప్పు నాణేలంటే సేకరించేవాళ్ళు చెవి కోసుకుంటారు. కానీ మూడొందల దగ్గర పాట మొదలైతే, 'పండరి భక్త' అనే కొత్తాయన తప్ప ఎవరూ దిగలేదు. ఇనామ్‌దార్ అయిదొందలంటే భక్త ఆరొందలన్నాడు. ఇనామ్‌దార్ వెయ్యి అన్నాడు.

"పదకొండొందలు!"

కేక వంటింట్లోంచి వచ్చింది. అక్కడ ఆత్యా బొబ్బట్లలాంటి పూరన్‌పోళీలు చేస్తోంది. ఆమె గొంతు అలాంటిలాంటిది కాదు. ఆ కేకకి తన బస్సులోవాళ్ళే కాదు, ఎదురుగా వచ్చే బస్సులోవాళ్ళు కూడా టిక్కెట్టు తీసుకునేవారు.

తన్మయ్ ఫోను చూశాడు. పండరి భక్త: 1100.

అనుమానమొచ్చి పన్నెండొందలు కొట్టాడు.

"పదమూడొందలు! ముందుకి జరగండి, ముందుకి!"

పండరి భక్త: 1300.

తన్మయ్ ఆ ఫోను జేబులోకి తోసి వంటింట్లోకి పరిగెత్తాడు. ఆత్యా తన ఫోన్ని చటుక్కున పిండి డబ్బాలో కుక్కింది.

"ఏంటాత్యా ఆ కేకలు?"

"పోళీలు లెక్కపెడుతున్నా."

"పదమూడొందల పోళీలా?"

"నీ తిండికి సరిపోవద్దూ?"

పిండి డబ్బా టింగుమంది. ఆత్యా నిట్టూర్చి ఫోను బయటికి తీసింది. "పంతం పట్టానంటే నోటితో అరవందే అంకె మీద నా వేలు కదలదురా. పాడు అలవాటు."

"ఆ రూపాయి నీదేగా! అడిగితే ఇవ్వనా?"

"అమ్మిపారెయ్ అన్న నోటితో ఎలా అడగనురా? నాకు పరువు లేదూ?" ఆత్యా పెనం మీద పోళీ తిరగేసింది. "అది నా మొదటి రోజు డ్యూటీలోది. తాస్‌గావ్ బస్సు. చేతులు వణికి టిక్కెట్లు కింద పడుతున్నాయి. ఓ ముసలావిడ ఆ రూపాయి ఇచ్చింది. ఇది చెల్లదు ఆజీ అన్నా. 'సర్కారుకే చెయ్యి వణికింది, నీకు వణికితే ఏం పోయిందే పిల్లా,' అంది. బస్సంతా ఒకటే నవ్వు. నేనూ నవ్వా. ఆ వణుకు మళ్ళీ రాలేదు."

 

ఆత్యా ఫోను మళ్ళీ టింగుమంది. ఎవరో ఇందోర్ వ్యాపారి కొత్తగా దిగి ఒకేసారి అయిదువేలన్నాడు. పాట ముగియడానికి అయిదు నిమిషాలుంది.

"పోయింది," అంది ఆత్యా. "అంత నేను పెట్టలేను. ఇదంతా ఆ ఇనామ్‌దార్‌గాడి వల్లే. మూడొందలకి దక్కేదాన్ని ఎగదోసి ఊళ్ళోవాళ్ళ కళ్ళు పడేలా చేశాడు. ఉండు, ఫోన్ చేసి కడిగేస్తా."

"వద్దాత్యా! పెద్ద వంశం. ఏనుగులుంటాయట..."

ఆమె అప్పటికే నొక్కేసింది. తన్మయ్ జేబు మోగింది.

ఇద్దరూ జేబు వంక చూశారు.

"రాంగ్ నంబరు," అన్నాడు తన్మయ్.

ఆత్యా కట్ చేసి మళ్ళీ చేసింది. జేబు మళ్ళీ మోగింది. అట్లకాడ నెమ్మదిగా పైకి లేచింది.

"ఇనామ్‌దార్ సాహెబ్," అంది ఆత్యా ఎంతో మర్యాదగా, "ఏనుగులు క్షేమమా?"

"నేనేనాత్యా! డబ్బాలో ప్రతి నాణేనికీ నేనే పాడాను. నీకు నాలుగు డబ్బులు ఎక్కువ రావాలని... సరే, నా గొప్ప కోసం కూడా." పూర్తిగా దొరికిపోయాక వాడికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "ఆత్యా, అమ్మేవాడు దొంగపాట పాడాడని తేలితే పాట రద్దు. రూపాయి ఇంట్లోనే ఉంటుంది."

"మరి నువ్వో?"

"నేను బయట ఉంటాను."

ఆత్యా అట్లకాడ దించింది. చీర కొంగుతో ఫోను మీద పిండి తుడిచి, గ్రూపు తెరిచి, మైకు గుర్తు మీద వేలు నొక్కిపట్టి వాడి గడ్డం కింద పెట్టింది.

"గట్టిగా చెప్పు. వెనక సీటుదాకా వినపడాలి."

"పెంఢార్కర్ కాకా, నమస్కారం. సాంగ్లీ తన్మయ్‌ని. నాగపూర్‌లో ఇనామ్‌దార్ ఎవరూ లేరు. ఏనుగూ లేదు. నేను నాగపూర్ మొహమే చూళ్ళేదు. ఆ పాటలన్నీ నేనే పాడాను. పండరి భక్త మా ఆత్యా. ఆమెకి ఇదేం తెలీదు. ఇప్పుడు పక్కనే పగలబడి నవ్వుతోంది, నా మాట మీకు వినపడిందో లేదో. అందుకని మళ్ళీ చెప్తున్నా కాకా, దొంగని నేనే."