సభలో వినబడని పేరు

శరదృతువు ముగియవచ్చుచుండెను. హిమధవళశిఖరపరివేష్టితమై ప్రభాతతుహినయవనికాచ్ఛన్నమైన జెనీవా సరోవరము తీరవృక్షములు రాల్చు పసిడివన్నె పత్రములను నిశ్శబ్దముగా స్వీకరించుచుండెను. ఆ తీరముననే స్ఫటికఫలకశోభితమైన మహాసభాభవనము నూటయిరువది దేశముల పతాకములను శిరమున ధరించి స్త్రీలపై జరుగు హింసను రూపుమాపుటకై విచ్చేయు ప్రతినిధులకు తలుపులు తెరచియుండెను. ఏ భాషలో పలికిన మాటనైనను వేరొక భాషలో చెవికి చేర్చు శ్రవణయంత్రములు ప్రత్యాసనమునను సిద్ధముగా నుంచబడియుండెను.

ఆ వచ్చినవారిలో పలాస ప్రాంతపు దాలమ్మ యొకతె. వయస్సు నలువదియైదేండ్లు. ఇరువదేండ్లుగా జీడిపిక్కలు కొట్టి పప్పు తీసియుండుటచే ఆ పిక్కలనుండి చిమ్మెడు రసము ఆమె వ్రేళ్లకొనలను కాల్చి నలుపెక్కించియుండెను. ఆమె పనిచేసిన కర్మాగారముననే తమ్ముని భార్యయగు నీలవేణి పిక్కలుడికించు బట్టీకడ పనిలో నుండెను. క్రిందటి వేసవిలో ఒక మధ్యాహ్నమున మేస్త్రి లింగరాజు తక్కిన కూలీలను భోజనమునకు పంపివైచి బట్టీగది తలుపు మూసి ఇరువదేండ్ల ఆ యువతిని బలాత్కరించెను. ఆర్తనాదము విని పరుగెత్తివచ్చి గడియ విరుగగొట్టి ఆమెను వెలుపలికి తెచ్చినది దాలమ్మయే. ఠాణాలో ఫిర్యాదు వ్రాసికొనవలసిన అధికారి బట్టీకడ కాలుజారి పడినదని వ్రాసికొనెను. యజమాని మేస్త్రిని నిలుపుకొని స్త్రీల నిరువురను పనినుండి తొలగించెను. నాటినుండి నీలవేణి గడప దాటి యెరుగదు. ఒక మహిళాసంఘమువారు పూనుకొని దాలమ్మను ఈ సభకు పంపునపుడు ఆ యువతి ఆమె చేయి పట్టుకొని యొక్కమాట మాత్రము కోరెను.

“నా పేరు సెప్పకు వదినా. ఆడి పేరు సెప్పు. అందరికీ ఇనబడీలాగ సెప్పు.”

దాలమ్మ మాటలను ఆంగ్లమున పలుకుటకు నియుక్తురాలైనది కాకినాడలో బుట్టి పదునొకండేండ్లుగా జెనీవా నగరముననే జీవించుచున్న హైమవతి. ఆమె కూర్చుండు గాజుగదికి సభ ఆరంభమగుటకు ముందు సభాకార్యదర్శిని యొకతె వచ్చి మృదుమధురస్వరమున నిట్లనెను.

“న్యాయస్థానము నిర్ణయింపని నేరమునకు వ్యక్తినామమును జోడింపరాదు. ఆమె పలికినను నీవు పలుకవలదు.”

“న్యాయస్థానమునకు పోవు దారినే మూసివైచిరి కదా!” అని హైమవతి పలికెను.

“అందులకే కదా ఈ సభ” యని కార్యదర్శిని చిరునవ్వు నవ్వి వెడలిపోయెను. మరుసటి మాసముననే ఉద్యోగపుటొప్పందము ముగియనున్న హైమవతి శ్రవణయంత్రమును చెవులకు తగిలించుకొనెను.

దాలమ్మ కొంగు నిండుగా కప్పుకొని వేదిక నెక్కెను. ఆమె కన్నీరు కార్చలేదు. తలుపు మూసిన విధమును గడియ విరిగిన విధమును అధికారి వ్రాసిన వ్రాతను వరుసగా చెప్పి తుదకు కంఠమెత్తి “ఆడు లింగరాజు. మేస్త్రి లింగరాజు. ఇయ్యాల్టికీ ఆ బట్టీకాడే ఆడోళ్లసేత పని సేయిత్తన్నాడు” అనెను. గాజుగదిలో హైమవతి నాలుక ఒక్క నిమేషము తడబడెను. పిమ్మట నూటయిరువది దేశముల చెవులలో ‘ఒకానొక పర్యవేక్షకుడు’ అను మాట సుస్పష్టముగా వినబడెను. కరతాళధ్వనులు మిన్నుముట్టెను. కొందరు కన్నులు తుడుచుకొనిరి.

విరామసమయమున దాలమ్మ వసారాలో హైమవతిని వెదకికొనుచు వచ్చెను. ఆ ముఖమున చిరకాలమునకు వెలుగు కనబడుచుండెను.

“అమ్మా, ఆడి పేరు ఇంగిలీసులో ఎలాగంటారు? నీలవేణికి సెప్పాల.”

హైమవతి అబద్ధమాడవలెననియే తలచెను కాని నోరు రాలేదు. “నేను చెప్పలేదండీ. వద్దన్నారు.”

దాలమ్మ నలుపెక్కిన వ్రేళ్లను ఒక్కొక్కటిగా మడచుచు లెక్కించెను.

“మా యజమాని సెప్పొద్దన్నాడు. ఆ ఆపీసరు రాసుకోనన్నాడు. ఆళ్లంటే ఆడికి కావలసినోళ్లు. నువ్వు ఆడికి ఏటవుతావమ్మా?”



అపరాహ్ణమున నలువదిమూడు అంశములుగల మహాప్రకటనపత్రము ఏకగ్రీవముగా ఆమోదింపబడెను. అధ్యక్షుడు ఫ్రెంచిభాషలో కృతజ్ఞతలు పలుకుచుండగా హైమవతి అతని మాటను అనువదించుట నడుమనే మాని “ఈ ఉదయము నేను విడిచిన పేరొకటి యున్నది” యని ఆంగ్లమున పలికి లింగరాజు పేరును ఊరిని అతడు చేసిన పనిని ముమ్మారు చెప్పెను. కాని అప్పటికే ప్రతినిధులందరును హర్షాతిశయమున లేచి నిలిచి శ్రవణయంత్రములను బల్లలపై బెట్టి చప్పట్లు చరచుచుండిరి. ఆ పేరు రిక్తాసనముల ముందర ఈగరొదవలె క్షణకాలము మ్రోగి అణగిపోయెను. విన్నది కార్యదర్శిని యొక్కతెయే. మరుసటి మాసమున హైమవతి యొప్పందము పొడిగింపబడలేదు.

దాలమ్మ యిల్లు చేరిన దినమున నీలవేణి తలుపుచాటున నిలిచి “ఇన్నారా వదినా?” యని యడిగెను.

“నాను సెప్పినాను. ఆ తెలుగమ్మ కూడా ఆకర్ని సెప్పినానంది. ఆళ్లు ఇన్లేదు” అని దాలమ్మ దాచక చెప్పెను. నీలవేణి లోనికి పోయి తలుపు వేసికొనెను.

నెల గడచెను. జీడిపప్పు కొనవచ్చు విదేశీయులు చూచి సంతసింతురని యజమాని ఆ మహాప్రకటనపత్రమును ఆంగ్లమునను తెలుగునను ముద్రింపించి నిలువెత్తు గాజుపటము కట్టించెను. దానిని కర్మాగారద్వారమున తగిలించు పని లింగరాజునకు అప్పగింపబడెను. పటము మిక్కిలి బరువైనదగుటచే అతడు నిచ్చెనపై నిలిచి మేకులు కొట్టి ముగించునంతదాక ముగ్గురు ఆడుకూలీలు దానిని భుజములపై నెత్తిపట్టి అతని కాళ్లకడ నిలిచియుండిరి.