మేడ మీదికి పోయే వైరు

"అమ్మా, పగటిపూట ఫోన్ ముట్టకు. నువ్వు లేపుతుంటే పైన నెట్టు నడుస్తలేదు" అని చెప్పులు తొడుక్కుంటూ అరిచాడు జనార్ధన్. మెట్ల మీదున్న భార్య కుసుమ వైపు తిరిగి, "నువ్వు గూడ. ఆడోళ్లిద్దరు పట్టుకుంటే ఇగ లైను ఏం సాగుతది?" అనేసి ఆఫీసుకు వెళ్లిపోయాడు.

ఎల్బీనగర్‌లో కాలనీలు పడుతున్న కొత్తలో మామగారు కట్టిన ఇల్లది. కింద అత్త సత్తెమ్మ, పైన తరవాత వేసిన రెండు గదుల్లో వీళ్లు. అందరికీ ఒకటే టెలిఫోన్ లైను. కిందొక ఫోను, పైనొక ఫోను, దాని పక్కన కంప్యూటర్. వంటా, గిన్నెలూ, బట్టలూ అయ్యాక కుసుమ అమెరికా డాక్టర్ల మాటలు విని టైపు చేస్తుంది. చేసింది అదే ఫోను లైను మీద నెట్టులో పంపాలి. లైనులో ఒకటే గరగర, చేసినంతసేపూ పంపడానికీ పడుతోంది. ఇంకా ఆలస్యమైతే పని వేరేవాళ్లకిస్తామని ఆఫీసువాళ్లు చెప్పేశారు. ఆ మాట జనార్ధన్‌తో అంటే, "టైంపాస్ పనికి గంత పరేషానెందుకు?" అన్నాడు. టైంపాస్! పొద్దున్నుంచి తను చేసేవాటిలో ఏది పనో, ఏది కాదో ఆయన నోటితోనే తేలాలి. పాపం అత్త కొడుకు మాట నమ్మేసింది. బాటసింగారంలో ఉన్న చెల్లెలు లచ్చమ్మతో రోజూ మాట్లాడే మనిషి, ఇప్పుడు ఫోను మీద గుడ్డ కప్పి పక్కన ఊరికే కూర్చుంటోంది. తన పని కోసం ఆమె నోరు కట్టేసుకోవడం కుసుమకు ముల్లులా గుచ్చుకుంది.

ఆ మధ్యాహ్నం కిందికి దిగి, "అత్తమ్మా, మీ ఫోన్ జర తీసేస్త" అని వైరు ఊడదీసింది. పైకెళ్లి రిసీవర్ చెవిన పెట్టుకుంది. గరగర అలాగే ఉంది. అయితే తప్పు అత్త ఫోనుది కాదు. పైనున్న ఫోనునే కిందికి తెచ్చి తగిలించి విన్నది. శుభ్రంగా వినిపించింది. ఇక మిగిలింది కిందినుంచి మేడకు పోయే వైరే.

మెట్ల గోడ వెంట దాన్ని వేలితో తడుముకుంటూ పోయింది. కిటికీ సజ్జ మీద దొరికింది, మేడ వేసినప్పుడు జనార్ధన్ కలిపిన అతుకు. చుట్టిన ప్లాస్టిక్ ముక్క చినిగి, వానకు నాని, రాగి తీగ పచ్చగా చిలుమెక్కింది.

"పడతవ్ బిడ్డా, వాడొచ్చినంక చేస్తడు తియ్" అంది కుసుమ ఎక్కిన కుర్చీని పట్టుకున్న సత్తెమ్మ.

"ఆయన చేసిందే అత్తమ్మా ఇది."

సత్తెమ్మ ఫక్కున నవ్వింది.

కుసుమ చిలుము పట్టినంత మేరా కత్తిరించి, మెరిసే రాగి తేలేదాకా గీకి, తీగకు తీగ మెలేసి టేపు చుట్టింది. ఫైళ్లు పంపడానికి పెట్టి, మంచినీళ్లు తాగి వచ్చేలోగా అన్నీ వెళ్లిపోయాయి. మడతపెట్టాల్సిన బట్టలు మంచం మీద కనిపించాయి. ఉండనీలే అనుకుని కిటికీ పక్కన కూర్చుంది. హాయిగా ఉంది.

సాయంత్రం జనార్ధన్ రిసీవర్ ఎత్తి చూశాడు. "గరగర పోయిందే! లైన్‌మెన్ ఒచ్చిండా?"

ఇంకో రోజైతే ఊ కొట్టేసేది. మగాడి మాటకు ఎదురు చెప్పకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని అమ్మ చెప్పి పంపింది. ఆ ప్రశాంతత ఎవరిదో చెప్పలేదు.

"రాలే. మీరేసిన అతుకు కరాబైంది. కోసేసి మళ్ల నేనేసిన."

"నీకెట్ల తెల్సు?"

"వైరు పట్టుకొని పోయిన. దొరికింది."

ఆయన మొహం కడుక్కొచ్చి, "సరే, నెట్టు పెట్టు, స్కోరు చూడాలె" అన్నాడు.

అప్పటికే కింద సత్తెమ్మ గొంతు ఖంగుమంటోంది. "లచ్చమ్మా! తప్పు మనది కాదంటనే! మావోడేసిన అతుకుదంట!"

"అత్తమ్మ మాట్లాడుతున్నది. ఆగుండ్రి" అంది కుసుమ.

"ఎంతసేపు?"

"ఆమె ఇష్టం."